విరిగిన కాలు ఎవరిది?

శ్రీకూర్మంలో సంక్రాంతి రోజుల్లో జరిగిన మాటలివి. మావయ్య జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా పనిచేసి రిటైరయ్యారు. గార మండలంలో కబడ్డీ ఆడిన కుర్రాళ్లలో ఆయన విజిల్ విననివాడు అరుదు. మేనల్లుడు ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చదివి అమెరికాలోనే ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ పిచ్చి అతనికి బాగా పట్టింది. ఆ ఫుట్‌బాల్ మనం కాలితో తన్నే ఆట కాదు. కొబ్బరికాయ ఆకారంలో ఉన్న బంతిని చేతబట్టుకుని, ఎదుటివాణ్ని ఒంటితో గుద్ది పడగొడుతూ ముందుకు పోయే ఆట. దెబ్బలు తగలని వారం ఉండదు. ఆ దెబ్బల వార్తలు వెతికి చదవడం అక్కడి అభిమానులకు ఆట చూడటమంత అలవాటు. ఇద్దరి మధ్యా కూర్చుని నేను విన్నాను. నా మొగ్గు ఎటో దాచుకోను, మధ్యలో చెబుతాను.

మావయ్య: పండగ పూట పొద్దున్నే ఆ ఫోన్లో అంత దిగులుగా ఏటి చూస్తున్నావురా? ఎవరికైనా బాగోలేదా?

మేనల్లుడు: మా కాలేజీ జట్టులో ఒక కుర్రాడికి మోకాలి ఆపరేషన్ అయింది మావయ్యా. ఆగస్టు నాటికి కోలుకుంటాడో లేదో అని చదువుతున్నాను.

మావయ్య: అతను నీకు తెలుసా?

మేనల్లుడు: లేదు. గ్యాలరీలోంచి చూడటమే.

మావయ్య: మరి అతని మోకాలి సంగతి నీకెందుకు? వాళ్లమ్మకి కావాలి, డాక్టరుకి కావాలి, కోచ్‌కి కావాలి. ఇరవై ఏళ్లు నిండని గుంటడు. వాడి స్కానింగులో ఏముందో, ఎన్ని కుట్లు పడ్డాయో శ్రీకూర్మంలో అరుగు మీద కూర్చుని నువ్వు చదవడమేటి? నా ఒంట్లో ఏముందో ఊరంతా అలా చదివితే నేను ఊరుకుంటానా?

మేనల్లుడు: మోకాలు అతనిదే, కాదనను. కానీ దాని మీద ఎవరెవరి నిర్ణయాలు ఆధారపడి ఉంటాయో వినండి. 2023 నవంబర్ 18, శనివారం. టాలహాసీలో మా మైదానం. జోర్డన్ ట్రావిస్ మా క్వార్టర్‌బ్యాక్. ఆట నడిపేవాడు అతనే, బంతి ముందు అతని చేతికే వస్తుంది. అప్పటికి మేం ఒక్క మ్యాచ్ ఓడలేదు. ఆవేళ ఎదురు నిలిచింది నార్త్ అలబామా, చిన్న జట్టు. మొదటి క్వార్టర్‌లోనే బంతి పట్టుకుని పరిగెత్తుతూ పడ్డాడు. ఎడమ కాలికి పెద్ద దెబ్బ, బండి మీద బయటికి తీసుకెళ్లారు. మ్యాచ్ గెలిచాం. తర్వాతి వారం ఫ్లోరిడా మీద గెలిచాం, కానీ ట్రావిస్ బదులు ఆడినవాడికి తలకు దెబ్బ తగిలింది. ఇక మూడోవాడే దిక్కు, కాలేజీలో మొదటి ఏడాది కుర్రాడు. వాడితోనే లూయివిల్‌ను 16–6తో ఓడించి మా కాన్ఫరెన్స్, అంటే మా జట్ల కూటమి, టైటిల్ తెచ్చుకున్నాం. పదమూడు ఆడి పదమూడూ గెలిచాం. మర్నాడు, డిసెంబర్ 3న, జాతీయ ప్లేఆఫ్‌కి అప్పట్లో నాలుగు జట్లను ఎంచే కమిటీ మిషిగన్, వాషింగ్టన్, టెక్సాస్, అలబామాలను తీసుకుంది. మమ్మల్ని ఐదో స్థానంలో పెట్టింది. టెక్సాస్, అలబామా ఒక్కో మ్యాచ్ ఓడిన జట్లు. మేం ఓడలేదు. ట్రావిస్ లేకపోతే అది వేరే జట్టని కమిటీ పైకే చెప్పింది. ముఖ్యమైన ఆటగాడు లేకపోవడాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. ఒక కాలు విరిగిందని జట్టు మొత్తం తలరాత మార్చేశారు. అది ఇంటి విషయం ఎలా అవుతుంది?

మావయ్య: ఆ కుర్రాడు ఏటన్నాడు?

మేనల్లుడు: ఈ కాలేదో సీజన్ మొదట్లోనే విరిగి ఉంటే బాగుండేది, ఈ జట్టంటే నేనొక్కణ్నే కాదని మీకందరికీ తెలిసేది అన్నట్టు రాశాడు. చివర్లో క్షమించమన్నాడు.

మావయ్య: ఆగు. కాలు విరిగినవాడు క్షమించమన్నాడా?

మేనల్లుడు: అవును.

మావయ్య: అదిరా నా బాధ. వాడేం తప్పు చేశాడు? పరిగెత్తాడు, పడ్డాడు. ఆ మాట వాడి నోటికి ఎలా వచ్చింది? స్టేడియంలో ఎనభై వేల మంది, టీవీల ముందు లక్షల మంది, ఎప్పుడు లేస్తాడు, ఎప్పుడు వస్తాడు అని రోజూ అడుగుతుంటే, రాలేకపోవడం నేరమేమో అనిపిస్తుంది. నువ్వు తిట్టి ఉండవు, నాకు తెలుసు. నీది మంచి మనసే. కానీ వాడి నెత్తిన పడ్డ బరువులో నీ దిగులూ కొంత ఉంది.

మేనల్లుడు: ఆ రోజు మేం అతన్ని ఒక్క మాట అనలేదు మావయ్యా. కమిటీని అన్నాం. అతను తన తోటి ఆటగాళ్ల కోసం బాధపడ్డాడు, వాళ్ల కష్టం తన కాలితో పాటు పోయిందని. ఆ బాధ మేం నేర్పింది కాదు.

మావయ్య: సరే. తర్వాత వాడేమయ్యాడో చెప్పు. మీ జట్టుకి కొత్త క్వార్టర్‌బ్యాక్ వచ్చాక వాడి కాలు గురించి ఎవడైనా అడిగాడా? అడగరు. మన దగ్గరా అంతే. కోడి రామ్మూర్తి నాయుడు గారు ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్నారని శ్రీకాకుళంలో చిన్నపిల్లడూ చెబుతాడు. వీరఘట్టం మనిషి, టౌన్లో స్టేడియానికి ఆయన పేరే. చివరి రోజుల్లో ఆయనకి కాలు తీసేయాల్సి వచ్చిందని, మత్తుమందు వద్దన్నారని పెద్దవాళ్లు చెప్పేవారు. ఆ కాలుతో ఆయన ఎలా బతికారో చెప్పమను, ఒక్కడు చెప్పడు.

మేనల్లుడు: ట్రావిస్ సంగతి నేను చెబుతాను. 2024 ఏప్రిల్‌లో, కాలేజీ ఆటగాళ్లని పెద్ద లీగు జట్లు ఎంచుకునేటప్పుడు, న్యూయార్క్ జెట్స్ అతన్ని ఐదో రౌండులో తీసుకుంది. కాలు మానక ఆ ఏడాదంతా బయటే కూర్చున్నాడు. 2025 వసంతంలో, డాక్టర్ల సలహా మీద, ఆట మానేస్తున్నానని ప్రకటించాడు. అప్పటికి ఇరవై నాలుగేళ్లు. పెద్ద లీగులో ఒక్క మ్యాచ్ ఆడలేదు. నాకివన్నీ ఎలా తెలుసు? వెతికి చదువుతాను కనుక. మీరు వద్దంటున్న పని చేయబట్టే తెలుసు.

మావయ్య ఈ జవాబు ఊహించలేదు. నా మొగ్గు మేనల్లుడి వైపు తిరిగింది ఇక్కడే. ఆటగాడి దెబ్బ గురించి మాట్లాడకపోవడాన్ని మనం మర్యాద అనుకుంటాం. నా ఎరికలో చాలాసార్లు అది పట్టించుకోకపోవడమే. కాకపోతే మావయ్య అంతటితో వదిలే మనిషి కాదు.

మావయ్య: తెలుసుకున్నావు, బాగుంది. ఆ తెలిసినదాంతో ఏటి చేశావు?

మేనల్లుడు: ఏం చేయగలను? బాధపడ్డాను.

మావయ్య: అదే అంటున్నాను.

మేనల్లుడు: మీరు మాత్రం? సిడ్నీ టెస్టులో హనుమ విహారి గురించి మాకు ఎన్నిసార్లు చెప్పారు? తొడ కండరం పట్టేసి పరుగు తీయలేని మనిషి, 161 బంతులు ఆడి 23 పరుగులతో నిలబడి, అశ్విన్‌తో కలిసి మ్యాచ్‌ను డ్రా చేశాడని. 2021 జనవరి. ఆ దెబ్బ లేకపోతే ఆ 23 పరుగులు మీకు గుర్తుండేవా?

మావయ్య: ఉండేవి కావు. నిజమే చెబుతాను, ఆ ఇన్నింగ్స్ తలుచుకుంటే ఇప్పటికీ నాకు రోమాలు నిక్కబొడుచుకుంటాయి. కాకినాడ కుర్రాడు, మనవాడు. ఆ తర్వాతి బ్రిస్బేన్ టెస్టు ఆడలేకపోయాడు, అది ఎంతమందికి గుర్తుంది? రెండేళ్లకి ఇండోర్‌లో రంజీ క్వార్టర్ ఫైనల్. ఆంధ్రాకి కెప్టెన్. ఆవేశ్ ఖాన్ బౌన్సర్‌కి ఎడమ మణికట్టు విరిగింది. చివరి వికెట్‌కి మళ్లీ వచ్చి, కుడిచేతివాటం మనిషి ఎడమవైపు తిరిగి, ఒంటిచేత్తో బ్యాట్ ఊపాడు. రెండో ఇన్నింగ్స్‌లోనూ అలాగే దిగాడు. మ్యాచ్ మధ్యప్రదేశ్ గెలిచింది. ఆ రెండు రోజులూ ఊళ్లో ఎవరి ఫోన్ చూసినా అదే వీడియో. నాకూ గర్వంగానే ఉంది. కానీ మర్నాడు నా భయం ఏటో తెలుసా? స్కూలు పిల్లలు అది చూశారని.

మేనల్లుడు: చూస్తే మంచిదే కదా?

మావయ్య: విహారి పెద్దవాడు. పక్కన ఫిజియో ఉన్నాడు, ఎక్స్‌రే తీశారు, ఏది పోతుందో తెలిసి దిగాడు. మన గుంటలకి ఏముంది? మా స్కూల్లో ఒక రైడర్ ఉండేవాడు. కూత మొదలెడితే ఎదుటి కోర్టు మొత్తం గీత దాకా వెనక్కి జరిగేది. పండగ పోటీల్లో సెమీస్‌లో పట్టు పడినప్పుడు మోకాలు మెలి తిరిగింది. రాత్రికి వాచింది. నాకు చెప్పలేదు, చెబితే ఆపేస్తానని. బ్యాండేజీ బిగించి, పైన ప్యాంటు వేసుకుని ఫైనల్‌కి వచ్చాడు. విషయం తెలిసిన నలుగురు స్నేహితులు, దెబ్బతో ఆడుతున్నాడురా అని జనానికి చెప్పారు. ఇక చూడు, ఈలలు, చప్పట్లు, డప్పులు. అంత మోత వాడు జన్మలో వినలేదు. కప్పు గెలిచారు. సగం తెగిన లిగమెంటు పూర్తిగా తెగింది. నాటు కట్టు కట్టించారు, ఎముక కాదు కదా అతకడానికి. ఇప్పుడు ముప్పై ఏళ్లు దాటాయి, మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటాడు. వాణ్ని ఆ మోకాలితో ఆడించింది ఎవరు? దెబ్బ సంగతి తెలియనివాళ్లు కాదు, తెలిసినవాళ్లే.

మేనల్లుడు కాసేపు మాట్లాడలేదు. కబడ్డీ మోకాలి కథలు ఈ తీరంలో ప్రతి ఊరికీ ఉన్నాయి. గట్టి కోర్టు మీద పాదం నాటుకుని ఒళ్లు తిరిగినప్పుడు లోపలి లిగమెంటు తెగుతుంది. దానికి వేరే చోటి నుంచి, కండరాన్ని ఎముకకు కలిపే టెండన్ తీసి అమర్చే ఆపరేషన్, ఆ తర్వాత తొమ్మిది నెలల దాకా వ్యాయామం, ఓపిక కావాలి. ఆపరేషన్‌కి డబ్బు ఎలాగో పుట్టినా ఆ తొమ్మిది నెలలు కూలికో వలకో పోకుండా ఇంట్లో కూర్చోగలిగే కుర్రాళ్లు తక్కువ.

మేనల్లుడు: మావయ్యా, ఆ కుర్రాడి కథ నా వైపు సాక్ష్యం. అతను దాచాడు కనుకనే అలా అయింది. అందరికీ తెలిసేలా రాసి పెట్టి ఉంటే మీరు ఆపేవారు. తువా టాగోవైలోవా అని ఒకడున్నాడు. అలబామా కాలేజీలో ఉండగా 2019 నవంబర్‌లో తుంటి కీలు తప్పిపోయింది, అయినా కోలుకుని పెద్ద లీగులో మయామీ జట్టుకి వెళ్లాడు. 2022 సెప్టెంబర్ 25న బఫెలోతో మ్యాచ్‌లో కింద పడి లేచి, నాలుగడుగులు వేసి తూలిపోయాడు. టీవీలో చూసిన ప్రతివాడికీ అది తల దెబ్బలాగే కనిపించింది. జట్టు వాళ్లు వెన్ను నొప్పి అన్నారు, మళ్లీ దింపారు. నాలుగు రోజులకే సిన్సినాటీతో మ్యాచ్‌లో మళ్లీ తల నేలకు కొట్టుకుంది. ఈసారి వేళ్లు కొంకర్లు పోయి, స్ట్రెచర్ మీద ఆసుపత్రికి. దేశమంతా గోల చేసింది. అక్టోబర్‌లో లీగు, ఆటగాళ్ల సంఘం కలిసి నిబంధన మార్చాయి. అలా తూలితే ఇక కారణం ఏదని వెతకరు, ఆ రోజుకి ఆట బంద్. డాక్టర్లు వదిలేసింది జనం కళ్లు పట్టుకున్నాయి.

మావయ్య: ఒప్పుకుంటాను. కళ్ల ముందు తూలినవాణ్ని చూసి, ఆపండ్రా అని అరవడం మనిషన్నవాడి పని. అలా అరిచేవాళ్లు మా ఫైనల్‌లో ఒక్కరున్నా బాగుండేది. నేను కాదంటున్నది ఆపమని అరవడాన్ని కాదు, లెక్క కట్టడాన్ని. ఎన్ని వారాలకి వస్తాడు, వస్తే ఎంత ఆడతాడు, రాకపోతే ఎవడు. ఆ లెక్కలు అంత జోరుగా ఎందుకు కడతారో నాకూ తెలుసు. పందేలు.

మేనల్లుడు: పందేల మాట నిజమే. 2018 మేలో అక్కడి సుప్రీంకోర్టు, ఆటల మీద పందేలు అనుమతించాలో లేదో రాష్ట్రాలు తేల్చుకోవచ్చంది. అప్పటి నుంచి ఎవరు ఆడతారు, ఎవరు ఆడరు అన్న కబురుకి ధర వచ్చింది. హాస్టల్లో స్నేహితుణ్ని, జట్టు సహాయకుణ్ని పట్టుకుని లోపలి సంగతి లాగేవాళ్లు తయారయ్యారు. అందుకే బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్ 2023 నుంచి, ఎస్ఈసీ అనే ఇంకో కాన్ఫరెన్స్ 2024 నుంచి, మ్యాచ్‌కి ముందే జట్ల చేత జాబితాలు బయట పెట్టిస్తున్నాయి. అందరికీ ఒకేసారి తెలిస్తే దొంగచాటుగా అమ్ముకోవడానికి ఏమీ మిగలదు. మన ఆంధ్రాలో 2020లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించారు కదా, అక్కడ ఆ దారి పట్టలేదు.

మావయ్య: ఆ జాబితాలో ఏటి రాస్తారు? మోకాలా, చీలమండా?

మేనల్లుడు: లేదు. ఆడతాడా, అనుమానమా, ఆడడా. అంతే. వాళ్లు విద్యార్థులు కనుక ఏ భాగానికి ఏమైందో చెప్పాల్సిన పని లేదు.

మావయ్య: చూశావా, వాళ్లకీ గీత ఎక్కడో తెలుసు. ఆడతాడో లేదో చెప్పు, చాలు. మిగతాది వాడి ఇష్టం. బ్యాడ్మింటన్‌లో మన సింధు ఏటి చేసింది? 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ ఆటల్లో ఎడమ చీలమండ నొప్పితోనే ఆడి బంగారు పతకం గెలిచింది. ఇంటికొచ్చి స్కాన్ తీయిస్తే ఎముకలో చీలిక. వరల్డ్ ఛాంపియన్‌షిప్‌కి వెళ్లడం లేదని తనే చెప్పింది. తన దెబ్బ, తన నోటితో. అలా ఉండాలి.

మేనల్లుడు: సింధు చెప్పగలదు మావయ్యా. రెండు ఒలింపిక్ పతకాలున్న మనిషి ఆగుతానంటే కాదనేవాడెవడు? స్కాలర్‌షిప్ మీద చదివే పందొమ్మిదేళ్లవాడు చెప్పగలడా? మీ రైడర్ చెప్పగలిగాడా? మన మల్లీశ్వరినే చూడండి. సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కంచు పతకం తెస్తే ఊసవానిపేట నుంచి ఢిల్లీ దాకా దండలు. నాలుగేళ్లకి ఏథెన్స్‌లో నడుము నొప్పితో పోటీ పూర్తి చేయలేకపోతే ఆ నడుము గురించి ఎంతమంది రాశారు? అన్నేళ్లు అన్ని టన్నులు మోసిన నడుము. దానికి ఏమైందో తెలిసి ఉంటే ఆమదాలవలసలో బరువులెత్తే తర్వాతి పిల్లకి పనికొచ్చేది.

మావయ్య: ఆ పిల్లకి పనికొచ్చేది కోచ్‌కి తెలియాలి. ఊరికి కాదు.

మేనల్లుడు: ఊరికి తెలియకపోతే ఖర్చు ఎవరు పెడతారు? ఆడటం మానేశాక కూడా ఆటలో తగిలిన దెబ్బకి కనీసం రెండేళ్లు వైద్యం కాలేజీయే చూసుకోవాలని అక్కడ కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ 2024 ఆగస్టు నుంచి పెద్ద కాలేజీలకి నియమం పెట్టింది. అంతకు ముందు ఎంతోమంది ఆటగాళ్లు తమ మోకాళ్లు, వెన్నుపూసలు, ఆసుపత్రి బిల్లులు బయట పెట్టుకుని అడగ్గా అడగ్గా వచ్చిన నియమం అది. మన కబడ్డీ లీగులో పవన్ సెహ్రావత్‌ని చూడండి. 2022లో తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలు పెట్టి కొంటే మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోయి సీజనంతా బయటే. మరుసటి ఏడాది మన తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షలు దాటించి కొన్నారు. మోకాలు బాగుపడిందని అందరికీ తెలుసు కనుకనే అంత పెట్టారు.

మావయ్య: అతని మోకాలికి కోట్ల విలువ ఉంది కనుక బాగుచేశారు. మా రైడర్ మోకాలి విలువ ఒక ప్లాస్టిక్ కప్పు, రెండు దండలు. నువ్వు చెప్పే రెండేళ్ల నియమం మాత్రం నాకు నచ్చింది. మన పండగ పోటీల్లో అలాంటిదొకటి ఉండాలి.

మేనల్లుడు: పెడదాం. రేపు ఫైనల్ కదా. కమిటీ వాళ్లు సాయంత్రం మీ దగ్గరకొస్తారు. ఎంట్రీ ఫీజుల్లోంచి కొంత పక్కన పెట్టమనండి. దెబ్బ తగిలిన ప్రతి కుర్రాడి పేరు, ఏ దెబ్బో ఒక పుస్తకంలో రాయాలి. మైకులో చెప్పాలి.

మావయ్య: డబ్బు సరే. పుస్తకం సరే. అది నా దగ్గరుంటుంది. మైకు కుదరదు.

మేనల్లుడు: పేరు చెప్పకుండా అడిగితే ఎవరిస్తారు? మనిషి కనిపిస్తేనే జేబులో చెయ్యి పెడతారు.

మావయ్య: పేరు చెప్పి వసూలు చేస్తే ఆ గుంటడు వచ్చే ఏడాది కాలు విరిగినా నోరు విప్పడు. వాడి ఇంటి పరువు, రేపు పెళ్లి సంబంధాలు, కూలికి పిలిచేవాడి అనుమానం, ఇవన్నీ నీకు అక్కడి నుంచి కనిపించవు. కుంటివాడని ఒక్కసారి పేరు పడితే అది పోదు. ఫైనల్ ముందు నేను ప్రతివాడి మోకాలు చూస్తాను, ప్యాంటు పైకి తీయించి మరీ. వాపు కనిపిస్తే ఆడనివ్వను. ఎందుకని జనం అడిగితే, ఆడటం లేదు, అంతే అంటాను. మీ వాళ్ల జాబితాలో రాసేది కూడా అంతే కదా.

మేనల్లుడు: ఆపిన తర్వాత? వాడింటికి వెళ్లి పడుకుంటే పుస్తకం మీ బీరువాలో ఉండి ఏం లాభం? ఆ రైడర్ని ఫైనల్ ఆడకుండా ఆపి ఉన్నా, సగం తెగిన లిగమెంటుతో ఆరు నెలల తర్వాత ఏ పొలం గట్టు మీదో పడేవాడు. ఎవరో ఒకరు వెంటపడి అడుగుతూ ఉండాలి మావయ్యా. స్కానింగ్ ఖర్చు ఈ ఏడాదికి నేను పెట్టుకుంటాను. పేర్లు నాకొద్దు. కానీ ప్రతి నెలా మోకాలు ఎంత వంగుతోందో, వ్యాయామం చేస్తున్నాడో లేదో, పనికి మళ్లీ ఎప్పుడు వెళ్లాడో నాకు రాయాలి. మళ్లీ ఎప్పుడు ఆడతాడో రాయకపోయినా పర్లేదు.

మావయ్య: ముందు వాణ్ని అడుగుతాను. సరే అంటేనే రాస్తాను.

మేనల్లుడు: వద్దంటే?

మావయ్య: వద్దంటే డబ్బు నువ్వే పంపాలి, కబురు మాత్రం రాదు. పంపుతావా?